వదినామరదళ్ళ మధ్య ఎలీషా

ప్రసన్నకుమారి నోటికి పాలకొల్లులో వాళ్ళ చర్చికి వచ్చేవాళ్ళంతా జంకేవారు. ఎయిడెడ్ స్కూల్లో తెలుగు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన ఆఖరి మనిషికి ఆవిడ ఇచ్చిన జవాబు విన్నాక, ఇంకెవరూ ఆ ప్రశ్న జోలికి పోలేదు. తండ్రి ఆశీర్వాదంగారు పోతూ పోతూ ఇంటిని మధ్యకి గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. ఒకటి ఆవిడకి, ఒకటి తమ్ముడు ఆరోన్‌కి. వరండా మాత్రం ఉమ్మడి. గొడవలన్నీ ఆ వరండాలోనే పుట్టేవి.

ఆరోన్ రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తాడు. ఏ చెరువు నుంచి ఫోనొచ్చినా తింటున్న కంచం వదిలేసి బండెక్కాల్సిందే. ఇంట్లో ఉండేది భార్య వినీల, కొడుకు ఎలీషా. వినీలది నరసాపురం. మెత్తగా కనిపిస్తుంది గాని పంతానికి వదినగారికేమీ తీసిపోదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఒకావిడ ఎలీషా గడ్డం పట్టుకుని, "నీ పేరేంటి నాన్నా?" అని అడిగింది. వాడు తల్లి చున్నీలో మొహం దాచుకున్నాడు.

"సిగ్గండి వాడికి," అంది వినీల నవ్వుతూ.

"సిగ్గూ కాదు, ఏమీ కాదు," అంది పక్కనే ఉన్న ప్రసన్నకుమారి. "వాడికి మాటలు రావు. మూడో ఏడు నడుస్తోంది, అమ్మా అని కూడా అనడు. వీళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు."

వినీల పిల్లాణ్ణి చంకనేసుకుని ఆటో కోసం కూడా చూడకుండా ఎండలో నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వరండాలో మొదలైంది.

"నలుగురిలో నా కొడుకుని మూగాడన్నారా వదినా మీరు?"

"మూగాడని నేననలేదు. మాటలు రావన్నాను. ఉన్న మాట."

"పిల్లల్ని కని పెంచినవాళ్ళు చెప్పాలండి ఇలాంటివి. మీకేం తెలుసు?"

"ఇరవయ్యేళ్ళుగా పిల్లల మధ్యే ఉన్నాను. నీకు తెలిసింది వీడొక్కడే."

ఆరోన్ మధ్యలో దూరాడు. "అక్కా, నేను కూడా లేటుగానే మాట్లాడానని నాన్న అనేవాడు కదా. మగపిల్లలకి ఆలస్యమవుతుందంట. వస్తాయిలే."

"నువ్వు లేటేంట్రా? నీ వాగుడు భరించలేక నాన్న చెవుల్లో దూది పెట్టుకునేవాడు!"

ఆ మాటకి ఆరోన్‌కి నవ్వొచ్చింది. వినీల అతనివైపు చూసిన చూపుకి ఆ నవ్వు గొంతులోనే చచ్చిపోయింది. మర్నాటి నుంచి వినీల తన వాటా జాలితలుపుకి లోపల గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది.

గడియ పెట్టినా పిల్లాడు ఆగుతాడా? తల్లి స్నానానికి వెళ్ళినప్పుడు పెరటి దోవన అత్త వంటింట్లోకి వచ్చేసేవాడు. బిస్కెట్ డబ్బా ఎక్కడుంటుందో వాడికి తెలుసు. అత్త చెయ్యి పట్టుకుని డబ్బా దాకా లాక్కెళ్ళి, ఆ చెయ్యే పైకెత్తేవాడు. ఒక్క ధ్వని కూడా నోట్లోంచి వచ్చేది కాదు.

వాడికి మాటలు తనే నేర్పి, ఆ మరదలి మొహాన కొట్టాలని ప్రసన్నకుమారి అనుకుంది. అనుకున్నాక ఆగే మనిషి కాదు.

"బిస్కెట్ అను. అంటేనే ఇస్తా. బిస్‌... కెట్. ఊఁ, అను!"

వాడు అరిచాడు. కిందపడి కాళ్ళు తన్నుకున్నాడు. ఆవిడ డబ్బా ఇంకా పైకెత్తింది. రోజూ ఇదే. చివరికి ఒకరోజు ఎలీషా ఆవిడ ముంజేతిని రక్తం చిమ్మేలా కొరికాడు. తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చిన వినీల చూసింది వదినగారి ముంజేతిని కాదు, గాల్లో ఉన్న బిస్కెట్ డబ్బాని.

"కుక్కపిల్లకి నేర్పినట్టు నేర్పుతున్నారా నా బిడ్డకి? ఇంకోసారి వీడు మీ గుమ్మం తొక్కితే నా మీద ఒట్టే!"

ఆ రోజు నుంచి వరండాలో ప్రసన్నకుమారి కనిపిస్తే చాలు, ఎలీషా మంచం కింద దూరేవాడు. అది మాత్రం ఆవిడకి గుచ్చుకుంది.

వానాకాలంలో ఒక సాయంత్రం ఎలీషా వీధి గేటు బయట కూర్చుని గులకరాళ్ళు పేరుస్తున్నాడు. మంచినీళ్ళ ట్యాంకరు వెనక్కొస్తోంది. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. వీధిలో కుక్కలు కూడా తప్పుకున్నాయి. వీడు మాత్రం తలెత్తలేదు. వరండాలో అటు చివర ప్రసన్నకుమారి, ఇటు చివర వినీల ఒకేసారి చూశారు. ముందు అందుకున్నది వినీల. పిల్లాణ్ణి లాగి, భయం పట్టలేక వాడి వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఎంత పెంకితనంరా నీకు! పిలుస్తుంటే వినవు, హారన్ కొడుతుంటే వినవు!"

"ఎందుకు కొడతావు వాణ్ణి?" అంది ప్రసన్నకుమారి. ఆవిడ గొంతులో ఎప్పటి కారం లేదు. "పెంకితనం కాదే. వాడికి వినపడలేదు."

వినీల పిల్లాణ్ణి చంకనేసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. కాసేపటికి గోడకి అవతల్నుంచి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టిన చప్పుడు. కొంచెం ఆగి మళ్ళీ. ఈసారి గట్టిగా. ప్రసన్నకుమారి కాపీలు దిద్దుతున్న ఎర్రపెన్ను పక్కన పెట్టి కూర్చుండిపోయింది. పళ్ళెం మళ్ళీ మోగింది. ఆ తర్వాత వినీల ఏడుపు వినిపించింది. లేచి వెళ్ళాలనిపించింది గాని, వెళ్తే తలుపు తియ్యదని తెలుసు.

ఆ వారంలోనే భార్యాభర్తలు పిల్లాణ్ణి రాజమండ్రి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ప్రసన్నకుమారితో ఒక్క మాటైనా చెప్పలేదు. తిరిగొచ్చాక ఆరోనే పెరట్లో నిలబడి, భార్య వినకుండా చెప్పాడు. చెవుడు కాదట. మాటిమాటికీ జలుబు చేసి కర్ణభేరి వెనక నీరు చేరిపోయిందట. చెరువులో మునిగినవాడికి గట్టు మీద మాటలు వినిపించినట్టు ఉంటుందట వాడికి. మందులు వాడి చూస్తారట, నీరు తగ్గకపోతే చిన్న ఆపరేషన్. ఈలోగా మాటలు నేర్పే థెరపిస్టు దగ్గరికి వారం వారం వెళ్ళాలి.

"నాకు చెరువుల మీద సీజన్ అక్కా. వినీల ఒక్కత్తీ బస్సులో వీణ్ణి పట్టలేదు. నువ్వు..."

"వాళ్ళమ్మ లేదా?"

"తబితత్తయ్యకి మోకాళ్ళు."

"మీ ఆవిడే నోరు తెరిచి అడిగితే వెళ్తాను."

వినీల అడిగింది. జాలితలుపు గడియ తియ్యకుండానే, గోడవైపు చూస్తూ, "శనివారం పొద్దున్నే బస్సండి," అంది. వినీల దృష్టిలో అది అడగడమే. ప్రసన్నకుమారి అయిష్టంగానే దాన్ని అడగడం కింద జమకట్టుకుంది.

రాజమండ్రి దాకా ఇద్దరూ ఒకే సీట్లో, మధ్యన పిల్లాణ్ణి పెట్టుకుని చెరో కిటికీలోకీ చూస్తూ వెళ్ళారు.

థెరపిస్టు పేరు ఫణిశ్రీ. ప్రసన్నకుమారి దగ్గర పదోతరగతి చదివే పిల్లల కంటే ఓ మెట్టు పెద్దదానిలా ఉంది. నేల మీద చాప, చాప మీద బొమ్మలు. "మేడమ్, ముందు మీరు వాడితో కాసేపు ఆడండి. నేను చూస్తాను," అంది.

ప్రసన్నకుమారి గొంతు సవరించుకుంది. ఆవు బొమ్మ ఎత్తి చూపించింది. "ఇదేంటి? చెప్పు. ఆవు. ఆవు అను. ఇదేం రంగు? దీనికి కాళ్ళెన్ని?"

ఎలీషా వెనక్కి తిరిగి కూర్చున్నాడు.

"మేడమ్, మీరు పరీక్ష పెడుతున్నారు," అంది ఫణిశ్రీ. "వాడికి సిలబస్సే రాలేదింకా."

వినీల నవ్వింది. ఆ నవ్వు బాగా లోపల్నుంచి వచ్చింది. ప్రసన్నకుమారి చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత వినీల వంతు. ఎలీషా అలమరా వైపు చూశాడో లేదో, బంతి తీసి వాడి చేతికిచ్చింది. వాటర్ బాటిల్ వైపు చూశాడో లేదో, మూత తీసి నోటికందించింది.

"వాడికి మాటల అవసరం రానివ్వడం లేదు మీరు," అంది ఫణిశ్రీ. "కళ్ళతో అడిగితేనే అన్నీ వచ్చేస్తుంటే నోరెందుకు తెరుస్తాడండి?"

ఈసారి నవ్వడం ప్రసన్నకుమారి వంతు. నవ్వడమే కాదు, "ఆహా!" అని పైకే అంది.

ఆ అమ్మాయి ఇద్దర్నీ ఒక్క చూపుతో నోరు మూయించింది. వాడి ఎదురుగా, మొహం వాడి మొహానికి సమానంగా ఉండేలా నేల మీద కూర్చోమంది. వాడు దేన్ని చూస్తే దాని గురించి ఒకటి రెండు మాటలే, స్పష్టంగా అనమంది. "అన్నాక ఆగండి. మీకు విసుగొచ్చేదాకా ఆగండి. వాడు ఊఁ అన్నా, చెయ్యి చూపించినా అదీ జవాబే. వెంటనే ఇచ్చేయండి. చెప్పు చెప్పు అని మాత్రం అనకండి."

ఆగడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాని పని. అయినా మొదలుపెట్టారు, ఒకరి మీద ఒకరు కసితో. వినీల తొందరపడి నీళ్ళ గ్లాసు అందిస్తే గోడ అవతల్నుంచి, "అడక్కముందే!" అని అరుపు. ప్రసన్నకుమారి నోరు జారి, "ఏదీ, కాకి అను," అంటే ఇవతల్నుంచి, "పరీక్షలండీ, పరీక్షలు!" అని ఎత్తిపొడుపు. మొదటి మాట ఎవరి దగ్గర పలుకుతాడోనని ఇద్దరికీ పోటీ. జాలితలుపు గడియ ఎప్పుడు పెట్టడం మానేసిందో వినీలకే గుర్తులేదు.

మందులకి నీరు తగ్గలేదు. ఆపరేషన్ చేసి చెవిపొరలో చిన్న గొట్టాలు పెట్టాలన్నాడు డాక్టరు. మాట తెలియగానే నరసాపురం నుంచి తబితగారు మోకాళ్ళనొప్పులు మరిచిపోయి దిగింది.

"ఇదంతా ఈవిడ పెట్టిన చిచ్చు," అంది వరండాలో చతికిలబడి. "పిల్లాపీచూ లేని దిష్టి వాడికి తగిలింది. ఇప్పుడు చెవులు కోయించేదాకా తెచ్చింది."

"అత్తయ్యగారూ, నా దిష్టి సంగతి తర్వాత. మీ మనవడు రేపు మిమ్మల్ని అమ్మమ్మా అని పిలవాలా వద్దా?"

"నువ్వు చెప్పకు! నీ నీడ పడబట్టే..."

"మీ బుర్రలో నీరు తీయించాలి ముందు!"

"అమ్మా, నువ్వు ఊరుకో!" వినీల కేక వేసింది. తల్లి మీద ఆమె గొంతు లేవడం ఎవరూ ఎరగరు. "నా కొడుకు. ఆపరేషన్‌కి నేనే సంతకం పెడతాను." ప్రసన్నకుమారి మెచ్చుకోలుగా తలాడించబోయింది. వినీల ఆవిడ వైపు తిరిగింది. "మీరు కూడా నోరు మూసుకోండి వదినా. వాడికి మీ ఇద్దరి అరుపులే ముందు వినపడాలా?"

ఆపరేషన్ అయిన మర్నాడు ఇంటికి తీసుకొచ్చారు. వినీల మిక్సీ వేస్తే ఎలీషా చెవులు మూసుకుని కెవ్వుమన్నాడు. ఆమె మిక్సీ ఆపి, స్టవ్ గట్టు పట్టుకుని ఏడ్చింది.

మాటలు ఒక్కసారిగా ఊడిపడలేదు. నెలల తరబడి శనివారాలు రాజమండ్రి బస్సులో పోయాయి. ముందు "నీ" అన్నాడు, నీళ్ళ కోసం. అది వినీల దగ్గర. తర్వాత "కాకా". అది ప్రసన్నకుమారి దగ్గర, పెరటి గోడ మీద కాకిని చూసి. ఏది అసలైన మాట కింద లెక్కో ఇప్పటికీ తేలలేదు.

నాలుగేళ్ళు నిండుతుండగా ఒకరోజు వాడు తల్లి ఒడిలో కూర్చుని చేపలకూరతో అన్నం తింటున్నాడు. ప్రసన్నకుమారి స్కూలు నుంచి వస్తూ వాడి ఎదురుగా చాప మీద కూర్చుంది. వాడు ఆవిడని ఎగాదిగా చూశాడు.

"అత్తా, పో."

వినీల ముద్ద చేతిలో పట్టుకుని పగలబడి నవ్వింది. అంత తృప్తిగా ఆమె నవ్వడం పెళ్ళయ్యాక అదే మొదలు. ప్రసన్నకుమారికి చురుక్కుమంది. రెండు మాటలు కలిపాడన్నది ఆ తర్వాత తట్టింది. ఆవిడ వాడి మొహంలోకి చూస్తూ, "ఎక్కడికి పోను?" అంది. అని, ఆగింది.

వాడు ఆలోచించాడు. అన్నం మెతుకులంటిన వేలు చాపాడు. "అటు. ఇంటికి."

ఆవిడ లేచి ఇంటికి పోయింది. చాలాసేపు తలుపు తియ్యలేదు.

అంత జరిగాక వదినామరదళ్ళు కలిసిపోయారనుకుంటే పొరపాటు. ప్రసన్నకుమారి వాణ్ణి తన స్కూల్లో వేయమంది. వినీల పంతం పట్టి వేరే స్కూల్లో వేసింది. చర్చిలో ఎవరైనా, "మీ మేనల్లుడికి మాటలు మీరే నేర్పారంట కదండీ?" అంటే ప్రసన్నకుమారి కాదనదు. ఆ సంగతి వినీల చెవినపడి అదో రగడ. ఎలీషాకి ఇప్పటికీ ర పలకదు, ల అంటాడు. దాని మీద ఎవరు పని చెయ్యాలన్నది ఇంకో రగడ.

మొన్న సంక్రాంతి సెలవులయ్యాక వాడు అత్త పెరట్లో జామపిందెలన్నీ కోసి పారేశాడు. ఆవిడ చూసింది. ఏమనాలో వెతుక్కుంటుండగానే వాడు ఇంట్లోకి పరిగెత్తి, గడగడా చెప్పడం గోడ ఇవతలికి వినిపించింది. "అమ్మా, అత్త నన్ను కొట్టింది. కల్లతో కొట్టింది. నువ్వు చెడ్డదానివంట. నీకు వంట లాదంట."

అంత పొడవైన అబద్ధం, ఒక్క మాట తడబడకుండా. ప్రసన్నకుమారి గోడకి చెవి ఆనించి చివరిదాకా వింది.

"ఏవండీ వదినా!" వినీల అప్పటికే వరండాలో ఉంది. "పిల్లాణ్ణి కర్రతో కొట్టారా? నాకు వంట రాదన్నారా?"

ప్రసన్నకుమారి తను కొట్టలేదని చెప్పబోయింది. వంట సంగతి తలుచుకుని మనసు మార్చుకుంది.

"రాదు!" అంది కొంగు బిగిస్తూ, గుమ్మం దాటి వరండాలోకి దిగుతూ.