టీకాలో ఏముందని అడిగితే

నేను రిటైర్డ్ టీచర్ని. మూఢనమ్మకాల మీద సభలెక్కి గొంతు చించుకునే మనిషిని. పిల్లలకు అబద్ధం చెప్పకూడదన్నది నా పట్టుదల.

నిరుడు వానాకాలం జి.మాడుగుల దగ్గర మా ఊరి అంగన్‌వాడీకి, ఐదేళ్ల మనవరాలు మల్లిని టీకా కోసం తీసుకెళ్లాను. కొండ మీది గూడెం తల్లులు పసిపిల్లలతో వచ్చి కూర్చున్నారు. వాళ్లను ఒప్పించడానికి ఆశా కార్యకర్త వారమంతా తిరిగింది.

సూది చూడగానే మల్లి నా చొక్కా పట్టుకుంది. "తాతా, అందులో ఏటుంది?"

"కోరింతదగ్గు క్రిములమ్మా. చంపేసి కలిపారు, భయం లేదు" అన్నాను.

మల్లి కెవ్వుమంది. వెనకనున్న సోములమ్మ కొడుకును చంకనేసుకుని లేచింది. "ఇన్నారా? పిల్లల ఒంట్లోకి రోగాన్నే ఎక్కిత్తారంట! బేగి నడండి."

"అది చచ్చిన రోగం సోములమ్మా!"

"సచ్చినోళ్లే కదా బాబూ పట్టి పీడిసేది!"

తల్లులంతా ఆమె వెంటే వెళ్లిపోయారు.

"మీ మీటింగు అయిపోయిందా మాస్టారూ?" అంది నర్సు.

తల వంచుకుని మల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. "నొప్పేస్తుందమ్మా. ఏడుపొస్తే ఏడు. నేను పట్టుకునే ఉంటాను." మల్లి ఏడుస్తూనే, కదలకుండా వేయించుకుంది. పిల్లకు కావలసిన నిజం అంతే.

ఆశాతో కలిసి కొండెక్కి ఇంటింటికీ తిరిగాను. కొందరు దిగివచ్చారు. సోములమ్మ తలుపు తియ్యలేదు. లోపల పసివాడి నవ్వు వినిపిస్తోంది. ఏ మంత్రగాడో ఆమెను బెదరగొట్టి ఉంటే అతన్ని కడిగిపారేసేవాణ్ని. ఆ సాయంత్రం ఎవరిని తిట్టాలో తెలిసి, ఆ గుమ్మం ముందు సిగ్గుతో నిలబడిపోయాను.