తల్లి బోర్డుకు బొట్టు

అది 2024, ఆషాఢం. సంతోష్‌నగర్‌లో నా కంప్యూటర్ దుకాణం ముందు వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. గిరాకీ లేక, ఎవరి మీద చిరాకు పడదామా అని పొద్దుటినుంచీ కాచుకుని కూర్చున్నాను. ఆ నీళ్లలోనే చెప్పులు చేత పట్టుకుని రేణుక వచ్చింది. వెనకాలే ఆమె తండ్రి ఎల్లయ్య కాక. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు ఇంజన్లు విప్పి బిగించి రిటైరైన మెకానిక్. ఇద్దరూ హుస్సేనీ ఆలంలో ఉంటారు.

"అన్నా, నాకొక కంప్యూటర్ గావాలె. సామాను నువ్వియ్యి. బిగించుడు నేనే బిగించుకుంట" అంది రేణుక.

ఇరవై ఏళ్లు దాటింది నేను ఈ పనిలోకి వచ్చి. తానే బిగించుకుంటానన్నవాళ్లు నాలుగు వీడియోలు చూసి వస్తారు. మూడో రోజుకు విడిభాగాలన్నీ సంచిలో పోసుకుని మళ్లీ నా దగ్గరికే వస్తారు.

"ఎందుకమ్మా గీ లొల్లి? రెడీమేడ్ సెట్ ఉన్నది. తీస్కపోయి వైరు పెట్టుకో" అన్నాను.

ఆమె కదల్లేదు. అప్పుడు అసలు సంగతి చెప్పింది. బ్లౌజుల మీద పూసలు కుట్టే మగ్గం పని పదేళ్లు చేసి, ఇప్పుడు మలక్‌పేటలోని ఒక బొటిక్‌లో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్‌కు డిజైన్లు గీస్తోంది. తండ్రికి వారానికి మూడు రోజులు డయాలసిస్. ఆస్పత్రికి తీసుకుపోవడానికి ఆమె తప్ప ఇంకెవరూ లేరు. సెలవులు ఎక్కువైపోయాయి. శ్రావణం గిరాకీ మొదలవుతోంది కాబట్టి బొటిక్ మేడమ్ తేల్చి చెప్పేసిందట: ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని వచ్చే శుక్రవారం లోపల ఒక బ్లౌజు డిజైన్ పంపితే ఇంటి నుంచే పని, లేకపోతే వేరే మనిషిని చూసుకుంటుంది.

"మా దుకాణంల మిషన్ ఆగితె, మెకానిక్ వచ్చేదాంక మూడు దినాలు చేతులు ముడుచుకొని కూసున్నమన్నా. రేపు నా ఇంట్ల ఆగితె ఎవరి కోసం చూడాలె? లోపట ఏమున్నదో నాకు ఎర్కుండాలె."

మెకానిక్ బిడ్డ మరి! కుర్చీ చూపించాను.

సొంతంగా బిగించేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది మదర్‌బోర్డు. మిగతా భాగాలన్నీ వచ్చి కూర్చునే పెద్ద పలక అది. చాలామంది ప్రాసెసర్ గురించి గంటసేపు అడిగి, బోర్డు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇయ్యి భాయ్" అంటారు. దెబ్బ తినేది అక్కడే. బోర్డు నడుమ ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటాం. అది మనం కొనే ప్రాసెసర్‌కు సరిపోవాలి. ర్యామ్ పెట్టుకునే స్లాట్లు ఎన్ని ఉన్నాయో చూడాలి. ర్యామ్ ఎంత ఉంటే పెద్ద డిజైన్లు అంత తడబడకుండా తెరుచుకుంటాయి. రెండు బోర్డులు బల్ల మీద పెట్టాను. ఒకటి రెండు స్లాట్లది, ఇంకొకటి నాలుగు స్లాట్లది.

"నీకు చిన్నది చాలు చెల్లె" అన్నాను. నిజం చెప్పొద్దూ, చిన్నవి నా దగ్గర చాలా మిగిలిపోయాయి.

రేణుక రెండింటినీ తిప్పి తిప్పి చూసింది. "అన్నా, మనోళ్లు ఇల్లు కడితె ఒక్క అంతస్తే ఏస్తరు. అయినా పిల్లర్ల సలాకలు పైకి వదిలిపెడ్తరు గద, రేపు పైన ఏసుకోనీకె. నాకు నాలుగుదే ఇయ్యి. ఇయ్యాల రెండు నింపుకుంట, రెండు ఖాళీగ ఉంచుకుంట."

ఇన్నేళ్లలో ఏ గిరాకీకీ నేను ఇంత బాగా చెప్పలేకపోయాను. కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. అందుకే కాబోలు, నా గొప్ప చూపించుకోవడానికి ఎల్లయ్య కాక వైపు తిరిగాను.

"కాకా, మదర్ అంటె ఏంది? తల్లి! ఇది తల్లి బోర్డు. అందరికీ అన్నం పెట్టేది ఇదే. ఇగో, నడుమ ఈ గూడు చూసినవా, ఇది గుండెకాయ" అని సాకెట్ మీది ప్లాస్టిక్ మూతను వేలితో తట్టి చూపించాను.

"తల్లి అంటవ్!" అని కాక బోర్డుకు రెండు చేతులూ జోడించాడు. నేను మురిసిపోయాను.

ప్రాసెసర్ సోమవారానికి గానీ రాదన్నాను. ఈలోపు దానితో వచ్చిన పుస్తకం చదువుకుంటానని రేణుక బోర్డు పెట్టెను ఇంటికి పట్టుకుపోయింది. మర్నాడు ఆదివారం, పాతబస్తీలో బోనాలు.

సోమవారం నేను వెళ్లేసరికి ఇద్దరూ షట్టర్ ముందు నిలబడి ఉన్నారు. రేణుక ముఖం పీక్కుపోయింది. కాక తల ఎత్తడం లేదు. పెట్టె తెరిచాను. బోర్డు నాలుగు మూలలా పసుపు. సాకెట్ మీద మూత లేదు. లోపల తడి పసుపు, దాని మీద కుంకుమ బొట్టు!

"ఓర్నాయనో, ఇదేంది!" అని అరిచాను. పక్క జిరాక్స్ దుకాణం వాళ్లు తొంగి చూశారు.

ఎల్లయ్య కాక మెల్లగా అన్నాడు: "డిపోల కొత్త ఇంజన్ వస్తె బొట్టు పెట్టకుండ స్టార్ట్ చేసేటోళ్లం గాదు బిడ్డా. నువ్వే అంటివి గద, తల్లి అని, గుండెకాయ అని. బోనాల పూట తల్లి ఇంటికొస్తె బొట్టు పెట్టకుంటె ఎట్ల? మీద ప్లాస్టిక్ ఉంటె ప్యాకింగ్ అనుకొని పీకేసిన."

ఇంకేం అరుస్తాను?

ఈ రకం సాకెట్‌లో వెంట్రుకల్లాంటి పిన్నులు వెయ్యికి పైగా ఉంటాయి. ఒక్కటి వంగినా కంప్యూటర్ లేవకపోవచ్చు. వంగిన పిన్నుకు వారంటీ ఉండదు. మళ్లీ బోర్డు కొనే స్తోమత వాళ్లకు లేదు. భూతద్దం పెట్టి చూశాను. ఒక పక్కగా మూడు పిన్నులు పడుకుని ఉన్నాయి.

"అంత నా నోటి దూల. తప్పు నాది కాకా, నీది గాదు" అన్నాను.

"తప్పు సంగతి తర్వాత చూద్దమన్నా. ఇది బాగైతదా, గాదా?" అంది రేణుక.

సర్క్యూట్లు తుడవడానికి తొందరగా ఆరిపోయే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతాం. దాన్ని మెత్తటి బ్రష్షుతో చుక్కచుక్కగా అద్ది సాకెట్ శుభ్రం చేశాను. పిన్నులు లేపడం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఏడాదిగా నా కుడిచేతికి సన్నటి వణుకు. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. ట్వీజర్ పట్టుకుని రెండుసార్లు వంగాను, రెండుసార్లూ వెనక్కి వచ్చేశాను.

రేణుక చూసింది. బ్యాగులోంచి సూదుల డబ్బీ తీసి, పూసలు కుట్టే సూది ఒకటి ఏరింది.

"ఆవగింజంత పూసలు కుట్టిన చెయ్యి అన్నా ఇది. ఎటు లేపాలెనో నువ్వు చెప్పు, నేను లేపుత."

"పక్క పిన్ను ఎట్ల వాలి ఉన్నదో ఇది గూడ గట్లనే ఉండాలె. ఒక్కసారే లేపకు. ఇరిగితె ఖతం."

కాక టార్చి పట్టుకున్నాడు. డయాలసిస్ సూదుల మచ్చలున్న ఆ చెయ్యి కూడా కదల్లేదు. వణికింది నేనొక్కణ్ణే. మూడు పిన్నులకు ముప్పావుగంట పట్టింది. చివరిది లేచాక రేణుక సూదిని తిరిగి డబ్బీలో పెట్టి, అప్పుడు గాని ఊపిరి వదల్లేదు.

ఆ తర్వాత నేను గిరాకీ కుర్చీలో కూర్చున్నాను. ప్రాసెసర్ పెట్టింది, ర్యామ్ నొక్కింది, స్క్రూలు బిగించింది అంతా ఆమే. స్విచ్ వేసింది. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. మొదటిసారి ర్యామ్‌ను పట్టి చూసుకోవడానికి బోర్డుకు కొంత సమయం పడుతుందని నాకు తెలుసు. తెలిసినా లోపల దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. అంతలో తెర మీద అక్షరాలు పడ్డాయి.

"రైట్ రైట్!" అని కాక బస్సును తట్టినట్టు నా బల్లను దబదబా తట్టాడు. రేణుక కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా కళ్లూ తడిశాయి, దాచుకోను.

గురువారం సాయంత్రమే ఆమె ఫోన్ చేసింది. డిజైన్ మేడమ్‌కు నచ్చింది, ఉద్యోగం నిలిచింది.

ఆ సోమవారం తర్వాత నేను రెండు పనులు మార్చుకున్నాను. సామాను గురించి చెప్పేటప్పుడు ఉపమానాలు మానేశాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను, మూత ఎందుకుందో ముందు చెబుతాను. తానే బిగించుకుంటానని ఎవరు వచ్చినా, ఇంతకు ముందు నీ చేతులు ఏం పని చేశాయని అడుగుతాను. నా చేతి సంగతి కూడా ఇంట్లో చెప్పి డాక్టర్‌కు చూపించుకున్నాను. వంగిన పిన్నుల బోర్డులు ఇప్పుడు హుస్సేనీ ఆలంలో రేణుకకే పంపిస్తున్నాను.

మరుసటి ఏడాది రేణుక తన కంప్యూటర్ పట్టుకుని మళ్లీ వచ్చింది. "ఇగ పై అంతస్తు ఏద్దమన్నా" అని నవ్వింది. మిగిలిన రెండు స్లాట్లూ నింపుకుంది. పక్క రేకు తీసి ఉంది కదా అని లోపలికి చూశాను. బోర్డు మూలన స్క్రూ పక్క ఇంకా పసుపు మరక. అలవాటుగా బ్రష్షు అందుకున్నాను.

రేణుక నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి అన్నా. తల్లి గద."