అమ్మ ఆఫ్, నా వంతు

మా చిన్నప్పుడు... అరబ్బు దేశంలో, అజ్మాన్‌లో మా ఆరాధన శుక్రవారం ఉదయం జరిగేది. అక్కడ సెలవు ఆ రోజే కదా! ఒకరింటి హాల్లో చాపలు పరిచి కూర్చునేవాళ్లం. చదవడం వచ్చిన పిల్లలం ముగ్గురం... నేను, సునీల్, గ్రేసీ. వారానికొకరం నిలబడి బైబిలు వాక్యం చదవాలి.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఐదు రోజులు డ్యూటీ, ఆరో రోజు ఆఫ్. పండగైనా, శుక్రవారమైనా అదే వరుస. నేను చదవడం అమ్మ ఒక్కసారీ వినలేదు...

ఒకరోజు నోటుపుస్తకంలో శుక్రవారాలన్నీ వరసగా రాసుకున్నాను. పైన అమ్మ ఆఫ్, కింద నా వంతు. ఆఫ్ ప్రతిసారీ ఒక వారం ముందుకు జరుగుతుంది కాబట్టి శుక్రవారం ఆఫ్ ఆరు వారాలకోసారి, నా వంతు మూడు వారాలకోసారి. ఒకసారి ఆఫ్‌కు ముందు వారం, ఒకసారి ఆఫ్ అయిన రెండు వారాలకు... మళ్లీ అదే, మళ్లీ అదే. నాలుగు పేజీలు రాసినా కలవలేదు.

ఏడుస్తూ నాన్నకు చూపించాను.

"ఎన్ని పేజీలు రాసినా ఇంతేనమ్మా. ఆరులో మూడు సరిగ్గా రెండుసార్లు పడుతుంది. మొదట తప్పితే ఎప్పటికీ తప్పినట్టే."

వంతు మార్చమని ఆరాధనలో మా టీచరు కరుణమ్మ ఆంటీని అడిగాను. "ఒకరికి మారిస్తే అందరూ అడుగుతారు తల్లీ" అన్నారు.

అంతలో పక్కనున్న ఉమ్ అల్ క్వైన్ నుంచి కొత్త కుటుంబం వచ్చింది. కవల ఆడపిల్లలు, ఇద్దరికీ చదవడం వచ్చు. "ఖలాస్! ఇక నీ వంతు ఐదు వారాలకోసారే!" అని సునీల్ ఏడిపించాడు. పాపం, ఆ పిల్లలతో నేను వారం రోజులు మాట్లాడలేదు...

"ఐదుతో మళ్లీ రాసి చూడవే" అన్నారు నాన్న.

రాశాను. పోయిన వంతు ఆఫ్ అయిన రెండు వారాలకు పడింది. వచ్చే వంతు ఆఫ్ అయిన ఒక్క వారానికే. ఆ పైది... సరిగ్గా ఆఫ్ రోజే! నా దగ్గరున్న చాక్లెట్లన్నీ ఆ కవలలకే ఇచ్చేశాను.

అన్ని వారాలూ ప్రార్థన చేసుకున్నాను. ఆ శుక్రవారం అమ్మ వచ్చి గోడ పక్కన కూర్చుంది. చదవడం మొదలుపెట్టాను. మూడో వచనం దగ్గర తలెత్తి చూస్తే... అమ్మ గోడకు ఆనుకుని నిద్రపోతోంది. ఐదు రోజుల అలసట.

గొంతు బాగా తగ్గించి, అమ్మకు మెలకువ రాకుండా మిగతాది చదివాను.

ఇంటికి వెళ్తుంటే "ఎంత బాగా చదివావే!" అంది. "నిజంగానా అమ్మా!" అన్నాను, అంతే.

ఇప్పుడు పిల్లలు చదివితే ఫోన్లో తీసి పంపుతున్నారు... అమ్మలు తీరిక ఉన్నప్పుడు చూసుకుంటున్నారు. మంచిదే. కానీ పక్కన కూర్చుని నిద్రపోయిన అమ్మ కోసం గొంతు తగ్గించే భాగ్యం వాళ్లకు ఉందో లేదో...

మీరు ఎవరి సెలవు కోసం అలా వారాలు లెక్కపెట్టుకున్నారు? చెప్పరూ...