అంచు కలవని దుప్పట్లు

ఇస్త్రీ గదిలో ఆమెను అందరూ స్కేలక్క అంటారు. సముద్రం ఒడ్డున ఉన్న తొమ్మిది అంతస్తుల హోటలుకు అడుగున, నేలమాళిగలో ఉంటుంది ఆ గది. ఉతికిన దుప్పట్లు వేడి రోలర్ల మధ్య నుంచి అట్టల్లా బయటికొస్తాయి. ఇద్దరు చెరోవైపు నిలబడి మూలలు పట్టుకుని, అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలు పెట్టి బండిలో పేర్చాలి. ఆమె మడత పెడితే అంచు స్కేలుతో గీత గీసినట్టుంటుందని ఆ పేరు పెట్టారు.

ఆమెకు ఎదురుగా పద్నాలుగేళ్లుగా నిలబడుతున్నది స్వయానా ఆడపడుచు, భర్తకు అక్క. నోరున్న మనిషి. ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆవిడే. "మా మరదలు చూడ్డానికి నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ, చేతిలో పనుంది" అని అప్పటి మేనేజరుతో చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నిలబెట్టింది. ఆ సంగతి ఏడాదికి నాలుగుసార్లయినా గుర్తుచేస్తుంది.

మూడు నెలలుగా దుప్పట్లు వంకరపోతున్నాయి. ఒక అంచు వేలెడు బయటికొస్తోంది, కుట్టున్న వైపు లోపలికి పోతోంది. పై అంతస్తుల నుంచి బళ్లకొద్దీ వెనక్కి వస్తున్నాయి. ఆ మడతల బల్లకు బాధ్యురాలిగా రాసి ఉన్నది స్కేలక్క పేరు. అందుకని సూపర్‌వైజరు ఆమెనే పిలిచాడు. మొదట నోటితో తిట్టాడు, తరవాత కాగితం ఇచ్చాడు. 'పనిలో అశ్రద్ధ' అని రాసిన ఆ హెచ్చరిక కింద ఆమె చేతనే సంతకం పెట్టించుకున్నాడు. ఇంకొకటి వస్తే తడిబట్టల గదికి మారుస్తానన్నాడు. అక్కడ పొద్దస్తమానం నీళ్లలో నిలబడి నీళ్లోడే తువ్వాళ్లు మోయాలి.

తన చేతులకే ఏదో అయిందనుకుంది ఆమె. ఇంట్లో భర్తను ఎదురుగా నిలబెట్టి ఉన్న రెండు దుప్పట్లూ పదేపదే మడిచి చూసింది. అవి చక్కగా కలిసేవి. "పొద్దున్నుంచీ చేసింది చాలక ఇంటికొచ్చీ ఇదేనా?" అని ఆయన విసుక్కున్నాడు. ఎక్కడ తప్పు జరుగుతోందో ఆమెకు అంతు పట్టలేదు.

ఆరోజు మధ్యాహ్నం రోలరు బెల్టు తెగింది. నాలుగింటికే అందరినీ పొమ్మన్నారు. వెలుతురుండగా బయటపడటం ఎన్ని నెలలకో! స్కేలక్క మనసులో అప్పటికప్పుడే ఒక లెక్క వేసుకుంది. ఒడ్డు వెంట దీపస్తంభం దాకా నడవాలి, పొద్దు వాలేలోపు. అక్కణ్ణించి బస్సెక్కి బజారుకెళ్లి, మడమకు మెత్తగా ఉండే బూట్లు కొనుక్కోవాలి. ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి.

"నడుద్దామా వదినా?" అంది.

"పద, నాకేం పనుంది?" అంది వదిన.

నడక మొదలైందో లేదో, వదిన ఆమె మోచెయ్యి పట్టుకుంది. వదల్లేదు. వంద అడుగులు వేస్తే చాలు, చెప్పులో ఇసుక పడిందంటూ సిమెంటు దిమ్మ మీద కూలబడేది. మెట్లొస్తే ఆగిపోయేది. ఒకచోట లేని మెట్టు దిగబోయి తూలి, మరదలి భుజం మీద పడింది.

"కొంచెం చూసుకుని నడవండి వదినా."

"ఏంటే ఆ తొందర? సముద్రమేమన్నా పారిపోతుందా?"

సముద్రం పారిపోదు. పొద్దు మాత్రం ఆగదు కదా! ముందు నడిచేవాళ్లందరూ చిన్నచిన్న చుక్కలయిపోయారు. వెనక వచ్చిన ముసలి జంట కూడా వీళ్లను దాటిపోయింది. దీపస్తంభం ఇంకా సగం దూరంలో ఉండగానే ఎర్రటి పొద్దు ఊళ్లోని మేడల వెనక్కి దిగిపోయింది. వదిన సముద్రం వైపు తిరిగి, "అబ్బ, ఎన్ని పడవలో చూడు!" అంది. అక్కడున్నది ఒకే పడవ. కావాలనే తనను ఆటపట్టిస్తోందనుకుంది స్కేలక్క. వదిన వేళాకోళాలు ఆమెకు కొత్తవి కావు.

బస్టాపులో ఆమె మడమ నొప్పికి చుట్టుకున్న పట్టీ బిగించుకుంటుండగా బస్సొచ్చింది. "మనది కాదులేవే, తాపీగా కట్టుకో" అంది వదిన. తలెత్తి చూసేసరికి బస్సు కదిలిపోతోంది. వెనక నంబరు స్పష్టంగా కనిపించింది. వాళ్లదే. మరో ముప్పావుగంట నిలబడ్డారు. ఒళ్లు మండిపోతున్నా స్కేలక్క ఏమీ అనలేదు. ఏమన్నా అంటే పద్నాలుగేళ్ల నాటి ఉద్యోగం కథ మొదటి నుంచీ వినాల్సి వస్తుంది.

చెప్పుల దుకాణంలో గోడకు నిలువెత్తు అద్దం ఉంది. ఆమె ఒక జత తొడుక్కుని ఇటూ అటూ నడుస్తుంటే, వదిన బల్ల మీంచి లేచి అద్దం వైపు వెళ్లింది. ఎదురుగా వస్తున్న ఆకారాన్ని చూసి ఆగింది. కుడికి జరిగింది. అదీ జరిగింది. "కాస్త తప్పుకో అమ్మా, దారికడ్డంగా నిలబడితే ఎట్లా?" అంది.

దుకాణం మనిషి కిసుక్కున నవ్వాడు.

స్కేలక్కకు నవ్వు రాలేదు. ఒంటి బూటుతో అలాగే నిలబడిపోయింది. లేని మెట్టు, ఒక్క పడవ, వదిలేసిన బస్సు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. వాటి వెనకే బళ్లకొద్దీ వంకర దుప్పట్లు. బూటు విప్పి పెట్టెలో పెట్టేసి, వదిన చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది.

"మీకు కళ్లు ఎప్పట్నుంచి కనిపించట్లేదు?"

"ఎవరన్నారు? సాయంత్రం మసక, అంతే."

"అక్కడ అంత పెద్ద లైటుంది వదినా! మీ మొహం మీకే తెలియలేదు!"

వదిన కొంగు అంచు వేళ్లకు చుట్టుకుంది. "ఎనిమిది నెలలైంది. కుడికంట్లో పొగ కమ్మినట్టుంటుంది. ఎడమది ఈమధ్యే మొదలైంది."

"మరి దుప్పట్లు? నాకు కాగితమిచ్చినప్పుడు పక్కనే ఉన్నారుగా. ఏడుస్తుంటే మంచినీళ్లు కూడా తెచ్చిచ్చారు!"

"నిన్నయితే నాలుగు మాటలని ఊరుకుంటారు. నన్నయితే ఇంటికి పంపించేస్తారే. ఈ వయసులో ఇంకెవరిస్తారు పని?"

అది నిజం. నిజం కాబట్టే ఆమెకు ఇంకా కోపమొచ్చింది. అబద్ధమైతే హాయిగా తిట్టిపోసేది.

"నీ చేతులు నాకు తెలుసు కదా, నువ్వు సర్దుకుంటావనుకున్నా" అంది వదిన.

"నువ్వు అనుకున్నావు! నాతో ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది? మూడు నెలలు నా చేతులు పడిపోతున్నాయని చచ్చాను నేను!"

పద్నాలుగేళ్లలో ఆమె నోట 'నువ్వు' రావడం అదే మొదలు. ఇద్దరికీ తెలిసింది. దారినపోయే వాళ్లు తిరిగి చూస్తూ వెళ్లారు.

అదే వీధి చివర కంటి ఆసుపత్రి ఉంది. అక్కడికే తీసుకెళ్లింది. బల్ల దగ్గరున్న అమ్మాయి తలెత్తకుండానే, "ఇవాళ్టికి అయిపోయిందండీ. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకానే" అంది.

"పొద్దున మాకు డ్యూటీ ఉంటుందమ్మా. లోపల డాక్టరుగారు కనిపిస్తున్నారు కదా, ఒక్క నిమిషం..."

"ఎనిమిది నుంచి పదకొండు" అంది ఆ అమ్మాయి మళ్లీ.

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. దిగేటప్పుడు మెట్టు దగ్గర వదిన తడుముకుంటుంటే, మొహం అటు తిప్పుకునే చెయ్యి అందించింది స్కేలక్క. ఇంటి మలుపులో మాత్రం, "రేపు సూపర్‌వైజరుతో మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని అడిగింది. కోపం తగ్గలేదు గానీ 'మీరు' మాత్రం తిరిగొచ్చింది.

వదినే చెప్పింది. డాక్టరు కాగితం తెచ్చేదాకా రావద్దన్నారు. శుక్లాలని తేలింది. నెల తేడాతో రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. తీసుకెళ్లడం, చుక్కల మందు వేయడం అన్నీ స్కేలక్కే చూసింది, సణుగుతూనే. సెలవు దొరకని రోజున రాత్రి షిఫ్టు చేసి, కంటి మీద కునుకు లేకుండా పొద్దున్నే ఆసుపత్రి వరసలో నిలబడింది. వదిన చోటులో ఎదురుగా నిలబడటానికి కొత్తగా వచ్చినావిడ చేతులు నిదానం గానీ, అంచులు కలిశాయి. దుప్పట్లు తిరిగి రావడం ఆగింది.

హెచ్చరిక కాగితం మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది. తప్పు తనది కాదని తేలింది కదా, తీసెయ్యమని స్కేలక్క అడిగింది. "ఒకసారి లోపలికెళ్లింది తీయడం కుదరదమ్మా. సంతకం నీదేగా" అన్నాడు సూపర్‌వైజరు.

మూడో నెలలో వదిన తిరిగొచ్చింది. వస్తూనే తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్లి అరగంటసేపు వాదించింది. గాజు తలుపు వెనక ఆవిడ చేతులు ఊపడం ఇస్త్రీ గదిలో అందరికీ కనిపించింది. బయటికొచ్చి తన చోటులో నిలబడింది.

"తియ్యడట" అంది.

"తెలుసు."

"అడిగాను కదే."

రోలర్ల మధ్య నుంచి దుప్పటి బయటికొస్తోంది. స్కేలక్క తన వైపు మూలలు పట్టుకుని, వదిన పట్టుకునేదాకా ఆగింది.