నాగరాణి ఎవరికి ఆంటీ

'ఆంటీ' అన్న మాట చెవిన పడితే చాలు, నాగరాణికి ఒళ్ళు మండుతుంది. దేవరకొండలో ఆమె జాకెట్లు కుట్టే కొట్టు పెట్టిన రోజుల్లో అందరూ అక్కా అనేవారు. తెలంగాణ వచ్చాక ఏం పుట్టిందో ఏమో, ఒక్కొక్కరే ఆంటీలోకి దిగారు. చివరికి పక్క దుకాణం గుర్వయ్య కూడా నెరిసిన మీసాలేసుకుని "ఆంటీ, జర కత్తెరియ్యి" అన్నాడు.

"నీ మనవరాలికి పెండ్లయింది. నేను నీకు ఆంటీనా?" అని కత్తెర ఇవ్వకుండా పంపించింది.

ఊరివాళ్ళను తిట్టి ఊరుకోవచ్చు. అన్న జంగయ్య కూతురు పూజను ఏం చేయాలి? అత్తా, అత్తా అని కొంగు పట్టుకు తిరిగిన పిల్ల, ఇంగ్లీషు బడికి పోయి ఆంటీ అనడం నేర్చుకుంది. మొగుడు పోయి, పిల్లలు లేని నాగరాణికి అత్తా అని పిలిచే హక్కున్న మనిషి లోకంలో ఆ ఒక్కతే.

మొన్న నాగరాణికి పిత్తాశయంలో రాళ్ళని మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్ చేయించారు. జంగయ్య మందులకు పోయాడు. పూజ స్ట్రెచర్ పట్టుకుని వస్తుంటే, తలుపు దగ్గర నర్సు ఆపింది.

"ఈమె నీకేమైతది?"

"ఆంటీ."

"పక్కింటోళ్ళు కాదమ్మా, సొంతోళ్ళను పిలువు."

ఆ పిల్ల తేరుకునేలోపే తలుపు మూశారు. నాగరాణి ఒంటరిగానే లోపలికి పోయింది. కోత నొప్పి కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

అన్న ఇంట్లో లేచి కూర్చోగానే పూజను దులిపేసింది. "పక్కింటిదాన్ని జేసినవు గదనే నన్ను."

పూజ చిన్నబోయి ఫోను తీసి వెతికింది. "ఆంటీ అన్న మాట లాటిన్ల పుట్టిందట. గప్పట్ల ఆమిత అనేటోళ్ళట. అంటే తండ్రి అక్కచెల్లెలు. అచ్చం నువ్వే."

నాగరాణి ఒక్క క్షణం మెత్తబడింది. "మరి తల్లి చెల్లెను ఏమంటరు?"

"ఇప్పుడైతే ఆంటీయే."

"మేనమామ పెండ్లాన్ని?"

"ఆమె గూడ ఆంటీయే."

"బస్సుల పక్క సీటామెను?"

పూజ ఫోను పక్కన పెట్టేసింది.

"మంచి మాటను ఊరందరికి పంచిపెట్టిన్రు. ఇగ నాకేం మిగిలింది? పుట్టుక ఎక్కడైతే నాకేంది బిడ్డా, దవాఖానల ఎవరికి తెలుస్తది?"

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు తలుపు దగ్గర అదే నర్సు. మళ్ళీ అదే ప్రశ్న. నాగరాణి నేల చూపులు చూసింది.

"మా మేనత్త," అంది పూజ. "మా బాపుకు తోడబుట్టింది. నేనే సొంతదాన్ని."

నర్సు తలుపు పూర్తిగా తెరిచింది. "అయితే ఇద్దరు రండి. ఆంటీ, మెల్లగ నడువు."

నాగరాణి ఆమె వైపు గుర్రుగా చూసింది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. పూజ చెయ్యి చేతిలో ఉంది కనుక దాన్ని మింగేసి లోపలికి నడిచింది.