గడ్డిపిట్ట ఇంటిపేరు

మ్యూజియంలో ఆమెను అందరూ పిట్టలమ్మ అంటారు. పై అంతస్తులో చివరి గది ఆమెది. కిటికీలకు మందపాటి తెరలు, గోడ పొడవునా ఇనుప బీరువాలు, ఒక్కో సొరుగులో వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టల వరసలు. వాటి కడుపులో దూది, కాళ్ళకు దారంతో కట్టిన చీటీ. గదంతా కలరా ఉండల వాసన. ఆ వాసన బట్టలకు పట్టి ఇంటిదాకా వస్తుంది. దాని పుణ్యమా అని బస్సులో తన పక్క సీటు ఎప్పుడూ ఖాళీయేనని ఆమె సంబరపడుతుంది.

ఆమెకు ముందు ఆ గది ఆమె బావది, అంటే సొంత అక్క మొగుడిది. పక్షుల మీద పెద్ద పుస్తకం రాసిన మనిషి. పిట్ట చర్మంలో దూది కూరడం మరదలికి నేర్పింది ఆయనే; తొలిసారి ఆమె కూరినదాన్ని చూసి "ఇది పిట్టా, దిండా?" అని అడిగిందీ ఆయనే. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగమే అయినా, అంతా బావ చలవేనని గుసగుసలాడేవాళ్ళు లేకపోలేదు. ఆమె ఆ మాటకు అడ్డు చెప్పేది కాదు. "నిజమేనండీ, ఆయన రిటైర్ కాకపోతే నాకు కుర్చీ ఎక్కడిది?" అనేది.

ఈ బావామరదళ్ళ మధ్య చిచ్చు పెట్టింది పిడికిట్లో పట్టేంత పిట్ట. దాన్ని బూడిదతల గడ్డిపిట్ట అంటారు. పొట్టిగా, లావుగా ఉన్న దాని ముక్కును చూసి, బావగారు తన పడుచుతనంలో దాన్ని పిచ్చుకల్లో కలిపారు. శాస్త్రంలో ప్రతి పిట్టకూ రెండు మాటల పేరుంటుంది. మొదటిది ప్రజాతి పేరు, మన ఇంటిపేరులాంటిది. రెండోది దాని సొంత పేరు. గడ్డిపిట్టకు పిచ్చుకల ఇంటిపేరు ఇచ్చింది బావగారే. ఆయన పుస్తకంలో దానికోసం ఒక అధ్యాయమే ఉంది.

పిట్టలమ్మ ఆ పేరు జోలికి పోవాలనుకోలేదు. పిచ్చుకల చుట్టరికాలన్నీ ఓసారి సరిచూద్దామని, సొరుగుల్లోని ఒక్కో పిట్ట కాలివేలి కింద చర్మం రవ్వంత గీరి, వేరే ఊళ్ళో ఉన్న జన్యుశాలకు పంపింది. కొన్నాళ్ళకు అక్కడి అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, మీ గడ్డిపిట్టకూ పిచ్చుకలకూ అసలు సంబంధమే లేదు. రెల్లుపొదల్లో పురుగులు తిని బతికే పిట్టలున్నాయే, వాటికి దగ్గర. అదీ మరీ దగ్గరేం కాదు, దూరపు బంధుత్వమే."

"నమూనాలు ఒకదాంతో ఒకటి కలిసిపోయాయేమో, మళ్ళీ చూడమ్మా."

మళ్ళీ చూశారు. వలేసి పట్టిన బతికున్న పిట్ట నెత్తురు చుక్కతోనూ చూశారు. జవాబు మారలేదు. తరతరాలుగా గట్టి గింజలు కొరికి కొరికి దాని ముక్కు పిచ్చుక ముక్కులా తయారైందంతే. ఇక దాన్ని ఏ ఇంట్లోనూ చేర్చే వీల్లేదు, కొత్త ప్రజాతి కట్టాల్సిందే. పిట్టలమ్మకు ముందు ఒళ్ళు పులకరించింది. ఆ వెంటనే బావ మొహం గుర్తొచ్చింది.

సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళి విషయం చెప్పింది. అనుకున్నట్టే బావగారు అంతెత్తున లేచారు.

"యంత్రం కూస్తే తెల్లారిపోతుందా? ముక్కు కనబడట్లేదూ? ముక్కు!"

"ముక్కులు ఒకటైతే చుట్టాలైపోతారా బావా? మీ ముక్కూ మా మ్యూజియం వాచ్‌మన్ ముక్కూ అచ్చుగుద్దినట్టుంటాయి."

వంటింట్లోంచి అక్క పకపకా నవ్వింది. బావగారి కోపం మామూలుగానే ముక్కు మీద ఉంటుంది. ఆ పూట ఆ ముక్కు ఎర్రబడింది కూడా.

"సరే, పందెం. గొట్టాల్లో పెట్టి నమూనాలు నేనిస్తా. ఏది ఏ పిట్టదో నీకూ చెప్పను, నీ యంత్రానికీ చెప్పను. అన్నీ సరిగ్గా చెప్పిందా, నేను నోరు మూసుకుంటా."

"మీరు నోరు మూసుకోవడమే? ఈ పందెం నేను కాయకపోతే అక్క నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

మర్నాడు ఆయన భూతద్దంతో మ్యూజియానికి వచ్చారు. పిట్టలమ్మను బయట కూర్చోబెట్టి, తలుపేసుకుని, ఐదు గొట్టాలకు మూతలు బిగించి తెచ్చారు. వెళ్ళేటప్పుడు ఆయన చొక్కా జేబు ఎత్తుగా కనిపించింది. ఆమె పట్టించుకోలేదు.

ఫలితాలొచ్చిన రోజు జన్యుశాల అమ్మాయి గొంతులో నవ్వాగడం లేదు.

"మేడమ్, రెండు గడ్డిపిట్టలు, ఒకటి పిచ్చుక, ఒకటి వానకోయిల. ఐదోది... ఏమీ అనుకోకండి, మీ దగ్గర భోజనం చేస్తూ నమూనాలు తీస్తారా?"

"ఏమమ్మా?"

"ఐదోది కోడి."

పిట్టలమ్మ ఫోన్ పెట్టేసి, తలుపు దగ్గరగా వేసి, సొరుగుల్లోని పిట్టలు ఉలిక్కిపడేలా నవ్వింది. తర్వాత మొహం కడుక్కుని, పెద్దమనిషి తరహా ఒకటి తెచ్చిపెట్టుకుని, ఆదివారం భోజనాల వేళకు అక్కావాళ్ళింటికి బయల్దేరింది.

అందరూ కూర్చున్నాక గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"బావా, నాలుగు గొట్టాల గురించి తర్వాత మాట్లాడదాం. ఆ ఐదోది మీరెక్కడ పట్టారు? లోకంలో ఎవరూ ఎరగని పక్షట. జన్యుశాలవాళ్ళు మూర్ఛపోయారు. దానికి మీ పేరే పెడదామంటున్నారు."

బావగారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మొహంలో ముందు ఆశ, వెనకాలే అనుమానం, ఆ వెనక మహదానందం. కంచం ముందునుంచి ఒక్క ఉదుటున లేచారు.

"దొరికావు! నీ యంత్రం వట్టి డొల్ల! అది కోడే! మన వంటింట్లోని కోడి కాలు!"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు. పిట్టలమ్మ సంచిలోంచి జన్యుశాల కాగితం తీసి ఆయన కంచం పక్కన పెట్టింది. ఐదో నంబరు ఎదురుగా "పెంపుడు కోడి" అని అచ్చయి ఉంది.

కానీ అసలు పిడుగు వేరే వైపునుంచి పడింది.

"ఆ కాలు తీసింది మీరా?" అక్క గరిటె పట్టుకుని లేచింది. "ఒక్క కాలే ఇచ్చావని ఆ కోళ్ళ కొట్టువాణ్ణి నడివీధిలో కడిగేశానే! 'అమ్మా, కుంటి కోడిని అమ్ముతానా?' అని వాడు మొత్తుకుంటున్నా వినలేదే!"

"శాస్త్రం కోసం..."

"శాస్త్రమా? పదండి, వాడికి చెబుదురుగాని."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, ఆ మధ్యాహ్నం ఎండలో కోళ్ళ కొట్టుకు నడిచివెళ్ళి, కోడికి రెండు కాళ్ళుండేవని ఒప్పుకుని వచ్చారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన పిట్టల మాటే ఎత్తలేదు. ఎదురుచెప్పే మనిషి లేక పిట్టలమ్మకే తోచేది కాదు. ఒక ఉదయం ఆయనే గదికొచ్చి, గడ్డిపిట్టల సొరుగు లాగి, తను కుర్రతనంలో కట్టిన చీటీలను ఒక్కొక్కటిగా వేలితో సవరించారు.

"ముక్కు చూసి మోసపోయాను."

"నేనూ పోయాను బావా. మీ పుస్తకం చూసే కదా మ్యూజియానికొచ్చే పిల్లలకు పాఠాలు చెప్పాను."

"అంటే తప్పు నాదేనంటావు."

"ఛ, ముక్కుదంటున్నా."

ఆయన పెదాలు కదిలాయి. "అయితే పేరులో ఆ సంగతే చెప్పు. దొంగముక్కుది అని. గ్రీకులో బాగుంటుంది."

అలాగే పెట్టారు. శాస్త్ర పత్రికకు వ్యాసం పంపుతూ జన్యుశాల అమ్మాయి పేరు, తన పేరు రాసి, చివర బావ పేరు కూడా చేర్చింది పిట్టలమ్మ. అచ్చు వేసే ముందు పత్రికవాళ్ళు దాన్ని చదివించిన పరిశీలకుల్లో ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పాడు: "ముక్కు స్పష్టంగా పిచ్చుకదే కదా, కొత్త ప్రజాతి ఎందుకు?"

అది చదివి బావగారు అంతెత్తున లేచారు. "వీడెవడు? ముక్కు పట్టుకు వేలాడతాడేం? జన్యువులు చదవడం రాదా?" అని కుర్చీ లాక్కుని, జవాబు తనే రాస్తానని పట్టుబట్టారు. పిట్టలమ్మ కాగితాలు వదిలేసి చోద్యం చూస్తూ కూర్చుంది. ఆ జవాబులో ఆమె వాదనలన్నీ ఉన్నాయి, ఆమె మర్యాద మాత్రం లేదు. చివర్లో "ముక్కు చూసి సంబంధం కుదుర్చుకునే రోజులు పోయాయి" అని ఒక వాక్యం ఉంది. ఆమె దాన్ని కొట్టేసింది. ఆయన మళ్ళీ రాశారు. ఆమె మళ్ళీ కొట్టేసింది. పంపే ముందు ఆమె చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన కాస్తలో ఆయన ఇంకోసారి చేర్చి, తనే పంపేశారు.

పెద్దాయన అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. ఆ వాక్యం మాత్రం తనకు బాగా నచ్చిందని రాశాడు.