ఆయనకి తొందరేముందండీ

రెండుసార్లు తప్పిన పరీక్ష రాయడానికని ఇంట్లో చెప్పి ఏలూరులో బస్సెక్కాను. పరీక్ష తాడేపల్లిగూడెంలో. భయమేసి, మధ్యలోనే దిగి వెనక్కి పోదామని గుండుగొలనుకే టికెట్ తీసుకున్నాను.

పక్కసీటులో అరవై దాటిన ఒకావిడ తలమీద కొంగు కప్పుకుని, ఒళ్ళో బైబిలు తెరిచి వాక్యం కూడబలుక్కుంటూ చదువుతోంది. ఒక మాట దగ్గర ఆగిపోయింది. నేను అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“చెప్పకండమ్మా. ఆదివారం చర్చిలో నేనే చదవాలి. అక్కడ మీరుండరు కదా.”

“అందరి ముందూ తప్పు చదివితేనో?” అన్నాను. అడిగింది నా గురించే.

“పోయినవారం తప్పే చదివానండి. నవ్వారు కూడా. వాళ్ళకి తొందర గానీ ప్రభువుకేం తొందరండీ? నేను ముగించేదాకా వింటాడు.”

మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చి ఆగేసరికి, కండక్టరు “గుండుగొలను” అని కేకేశాడు. ఆవిడ పెదవులు ఇంకా కదులుతున్నాయి. లేవలేకపోయాను. బస్సు కదిలాక తాడేపల్లిగూడేనికి ఇంకో టికెట్ తీసుకున్నాను.

ఆ ఏడూ పరీక్ష తప్పాను. మరుసటేడు ఏలూరులోనే గూడెం టికెట్ అడిగాను.